హార్మోనియము జాతకము

మన దేశమున మనుష్యునకు జాతకము వ్రాయు ఆచారము కలదు గాని వస్తువునకు వ్రాయు ఆచారము లేదు. పుట్టిన బిడ్డకు తిథి వార నక్షత్రములే కాక ఘడియ విఘడియలు కూడ లెక్కించి కాగితము మీద నెక్కించిన పెద్దలే, తాము రొక్కము పోసి కొన్న గోడగడియారము ఏ సంవత్సరమున ఇంటికి వచ్చినదో ఎచ్చటను వ్రాసియుంచరు. అందుచేత మన యిండ్లలోని వస్తువులకు వయస్సు నోటిమాట మీద పెరుగుచుండును. తండ్రి "మా నాన్న కొన్నది" అనును. కొడుకు "తాతల నాటిది" అనును. మనుమడు "నూటయేబది యేండ్లది" అనును. వస్తువు మాత్రము పెట్టిన మూలనే యుండును. పాతదైన కొలది గౌరవము హెచ్చుననియు, పరదేశమునుండి వచ్చినదన్న మరింత హెచ్చుననియు మనకొక నమ్మకము. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములని యెవరికిని తోచదు.

తునిలో మా యింటికి నాలుగు వీథుల దూరమున నున్న ఒక గృహమున ఒక కాళ్ల హార్మోనియము కలదు. నాటకములవారు దీనిని లెగ్గు హార్మోనియమందురు. నేలమీద పెట్టి, వెనుక తిత్తిని ఒక చేత నాడించుచు రెండవ చేత వాయించు పెట్టె కాదిది. కొయ్యకాళ్ల మీద నిలుచును. వాయించువాడు కుర్చీలో కూర్చుండి, క్రిందనున్న రెండు పలకలను పాదములతో మార్చి మార్చి త్రొక్కుచు గాలి నింపవలెను. ఆ యింటివారు దీనిని గూర్చి మూడు మాటలు చెప్పుచుండిరి. పారిస్ నగరమున తయారైనదని మొదటి మాట. నూటయేబది యేండ్ల నాటిదని రెండవ మాట. ఇంటి యజమానికి తాతగారైనవారు పోషించిన నాటక సమాజమునకు చెందినదనియు, టాకీలు వచ్చి ఆ సమాజము మూతపడిన తరువాత దీనిని ముట్టినవారు లేరనియు మూడవ మాట. కొంతకాలము క్రిందట పాతవస్తువులు కొను వర్తకుడొకడు విశాఖపట్టణము నుండి వచ్చి, ఈ మాటలు నిజమని వ్రాతమూలముగా చూపినచో మంచి వెల యిచ్చెదననెను. "మాష్టారూ, మీకు సంస్కృతమూ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు. కాస్త చూసి ఒక కాగితం రాసిపెట్టండి" అని యజమాని మమ్ము కోరెను. హార్మోనియమునకు సంస్కృతముతో నేమి పని యని మాకు నవ్వు వచ్చినది గాని, విచారింపగా పని యున్నట్లే కనబడినది.

ఎట్లన, సంస్కృత గ్రంథముల కాలమును నిర్ణయించు పండితులు గ్రంథమును ఏకఖండమని నమ్మరు. ఒక పురాణమున ఉత్తరకాలపు రాజవంశము పేరు కానవచ్చినచో, ఆ శ్లోకములు ఆ వంశమునకు ముందు పుట్టియుండవని మాత్రము చెప్పుదురు. పురాణమంతయు అప్పటిదే యనరు. ఆ శ్లోకములు ప్రక్షిప్తములు కావచ్చును. మొదటిది ఏది, తరువాత చేరినది ఏది, చేర్చినవాడు ఏ యవసరము కొరకు చేర్చెను అని భాగభాగముగా పరీక్షింతురు. వాద్యముల విషయమున కూడ తెలిసినవారు చేయు పని యిదే.

అమెరికా దేశమున పెడల్ స్టీల్ గిటారు అను తంత్రీవాద్యము కలదు. అదియు మేజాబల్లవలె కాళ్ల మీద నిలుచునదే. వాయించువాడు దాని యెదుట కూర్చుండి, ఎడమచేతి ఉక్కుకడ్డీని తంత్రుల మీద జార్చుచు, కుడిచేత మీటుచు, కాలితో పెడళ్లు త్రొక్కి, నాదము మ్రోగుచుండగనే తంత్రుల శ్రుతిని మార్చును. ఆ వాద్యము ఎప్పుడు పుట్టినదని యడిగిన ఒక తేది చెప్పుట యెవరికిని సాధ్యము కాదు. తంత్రుల మీద ఉక్కు జార్చి వాయించు పద్ధతిని పందొమ్మిదవ శతాబ్ది చివర హవాయి ద్వీపములలో జోసెఫ్ కెకూకు అను యువకుడు కల్పించెనని పెక్కుమంది యందురు. గేబ్రియల్ డేవియన్ అను, భారతదేశమున పుట్టిన నావికుడొకడు అంతకు ముందే వాయించెనని మరికొందరందురు. 1930 తరువాత దానికి విద్యుత్తు తోడైనది. 1940లో గిబ్సన్ సంస్థవారు పెడళ్లు గల వాద్యము నొకదానిని విక్రయమునకు పెట్టిరి. నేడు వినవచ్చు ఆ వంపు నాదము బడ్ ఐజాక్స్ అను వాదకుడు 1954లో వచ్చిన గ్రామఫోను రికార్డులో వినిపించిన తరువాత దేశమంతట వ్యాపించినది. పేరొకటే గాని పుట్టిన తేదులు నాలుగైదు.

ఇక ఫలానా గిటారు వయస్సేమని తెలిసికొనవలసివచ్చినప్పుడు అచ్చటివారు ఇంటివారి మాట వినరు, పెట్టె విప్పుదురు. ధ్వనిని హెచ్చించి తగ్గించు మరక్రింద నుండు చిన్న విద్యుద్భాగము వెనుక కొన్ని అంకెలు ముద్రించియుండును. మొదటి అంకెలు దానిని చేసిన కర్మాగారమును, తరువాతివి సంవత్సరమును వారమును తెలుపును. 137, 66, 32 అని యున్నచో సి.టి.యస్. అను కర్మాగారమున 1966వ సంవత్సరము 32వ వారమున తయారైనదని యర్థము. అంతమాత్రమున గిటారు ఆ వారముననే పుట్టెనని తీర్పు చెప్పరాదు. ఆ భాగము మొదటినుండి యున్నదే యైనచో, గిటారు అంతకు ముందుది కాదు, అంతే. మల్లినాథుని వ్యాఖ్యానమున్నంత మాత్రమున కాళిదాసు మల్లినాథుని సమకాలికుడు కాడు గదా!

ఈ పద్ధతిని పట్టుకొని మేము మా హార్మోనియము కడకు పోతిమి. కాకినాడనుండి ఒక రిపేరు మేస్త్రిని పిలిపించితిమి. ఆయన నాటకములవారి పెట్టెలను బాగుచేయుటలో తల నెరసినవాడు.

హార్మోనియము జాతిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నాట్యశాస్త్రము వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించినది. గాలిచేత మ్రోగును గావున హార్మోనియము సుషిరమే. అయితే పిల్లనగ్రోవిలో మ్రోగునది లోపలి గాలి. ఇందు మ్రోగునది ఇత్తడి నాలుక. ఒక కొన బిగించి మరియొక కొన విడిచిన ఆ పలుచని రేకును రీడు అందురు. గాలి దానిని త్రోసికొని పోవునప్పుడు అది వణకును. పొడవైనది మంద్రముగను, పొట్టిది తారముగను పలుకును. ఈ తెలివి చీనావారి షెంగు అను వాద్యమున వేలయేండ్లుగా కలదు. యూరపు ఖండమున కోపెన్‌హేగెన్ ఆచార్యుడు క్రాట్జెన్‌స్టైన్ 1780 ప్రాంతమున ఇట్టి నాలుకలతో మనుష్యుని అచ్చులను పలికించు యంత్రమును చేసెను. హార్మోనియము అను పేరు పెట్టి పెట్టెను తయారుచేసి పారిస్ నగరమున హక్కు పొందినవాడు అలెగ్జాండర్ డెబేన్. అది 1840 తరువాతి తొలి సంవత్సరముల మాట. అది కాళ్లతో త్రొక్కునదే. కలకత్తాలో ద్వారకానాథ ఘోషు 1875లో స్థాపించిన ద్వార్కిన్ సంస్థ మొదలైనవారు దానిని చాప మీద కూర్చుండు మనవారికి తగినట్లు పొట్టిగావించి తిత్తిని చేతికందించిరి. కావున కాళ్ల పెట్టెయే పెద్దది, చేతి పెట్టె దాని తమ్ముడు. అయినను కాళ్ల పెట్టె కనబడినంతనే అది సీమనుండి దిగినదనుటకు వీలులేదు. మన వడ్రంగులు రెండింటిని చేసిరి.

మేస్త్రి మొదట మెట్లను లెక్కించెను. మూడున్నర స్థాయిలు. సీమ హార్మోనియములకు సాధారణముగా ఐదు స్థాయిలుండును. మన గాత్రమునకు అన్ని అక్కరలేదు గనుక ఈ దేశమున చేసినవానికి మూడు, మూడున్నర చాలును. పెట్టె కొయ్య టేకు. యూరపువారు ఓకు, వాల్‌నట్టు, రోజ్‌వుడ్డు వాడుదురు. పిమ్మట మేము ఒక పలుచని కాగితపు ముక్కను మెట్టు క్రింది రంధ్రము కడ పట్టి చూచితిమి. త్రొక్కినప్పుడు కాగితము బయటికి ఎగిరినది. అమెరికా ఆర్గన్లలో గాలి లోపలికి పీల్చబడును, కాగితము రంధ్రమునకు అంటుకొనును. ఇందు గాలి బయటికి త్రోయబడుచున్నది. కావున అమెరికా మాట తీసివేయవలసినదే. రీడ్ల వరుస విప్పగా, చాలవాని మీద ఆంగ్లాక్షరములలో పారిస్ అని అచ్చు కొట్టియున్నది. యజమాని ముఖము వికసించినది. మేస్త్రి మాత్రము తల యెత్తకయే "రీడ్లు పారిస్సేనండి, పెట్టె మనదేనండి" అనెను.

పారిస్ మాట యెట్లు పుట్టినదో దీనితో తేటపడినది. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు మన దేశపు హార్మోనియములవారు రీడ్లను పారిస్ నుండియు జర్మనీ నుండియు తెప్పించి ఇచ్చటి పెట్టెలలో బిగించుచుండిరి. వెనుకటి మేస్త్రి యెవడో విప్పినప్పుడు ఇంటివారిలో నొకరు ఆ యక్షరములను చూచియుందురు. నాలుకను బట్టి మనిషి దేశమును చెప్పవచ్చును గాని రీడును బట్టి పెట్టె దేశమును చెప్పరాదు. శ్రుతి కూడ కొలిచి చూచితిమి. ఫ్రాన్సు దేశమున 1859లో ధైవతస్థానమైన తమ 'ఎ' స్వరమునకు సెకనునకు 435 కంపనములని చట్టము చేసిరి. 1939లో లండనున కూడిన సభవారు 440 అని నిశ్చయించిరి. మా పెట్టెలో ఒక రీడు ఒకటి చెప్పిన మరియొకటి వేరొకటి చెప్పెను. కొన గీకిన శ్రుతి హెచ్చును, మొదలు గీకిన తగ్గును. ఎందరు మేస్త్రులు గీకిరో గదా! ఆ సాక్ష్యమును విడిచిపెట్టితిమి.

అయితే రీడ్లలో నాలుగు వేరుగా నుండెను. వాని మీద పారిస్ ముద్ర లేదు, ఇత్తడి వన్నె కూడ వేరు. అవి గుజరాతు దేశపు పాలీతాణా రీడ్లని మేస్త్రి చూచినంతనే చెప్పెను. సీమ రీడ్ల రాక తగ్గిన తరువాత అచ్చటివి దేశమంతట వాడుకకు వచ్చినవి. అనగా సమాజము మూతపడిన చాలకాలమునకు ఎవరో ఈ పెట్టెను బాగుచేయించిరి. వాయింపని పెట్టెకు రీడ్లు మార్పింపవలసిన పని యేమి? మూడవ మాట ఇచ్చట కదలినది.

నాటక సమాజపు మాట మాత్రము అబద్ధమనుటకు వీలులేదు. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి ఆడిపోయిన వెనుక, వీరేశలింగము పంతులుగారు అచ్చటనే విద్యార్థులచేత తెలుగు నాటకములాడించిరి. 1885లో కడప మండలమున సురభివారు కీచకవధతో ప్రారంభించిరి. పార్సీ, మహారాష్ట్ర సమాజముల మార్గమున హార్మోనియము తెలుగు రంగస్థలమును చేరి పద్యమునకు ప్రాణస్నేహితమైనది. చేతి పెట్టెలో ఒక చేయి గాలికే పోవును. నటుడు తారస్థాయిలో రాగము నందుకొన్నప్పుడు వెంటబడుటకు రెండు చేతులును కావలెను. అందువలననే రంగస్థలమువారికి కాళ్ల పెట్టె ముద్దైనది. కోస్తా పట్టణములలో ఇట్టి సమాజములను పోషించి ఆస్తి కరిగించుకొన్న పెద్దమనుష్యులు చాలమంది కలరు. తుని మద్రాసు–కలకత్తా రైలుమార్గము మీది యూరు. రెండు పట్టణములలో దేనినుండి యైనను పెట్టె దిగవచ్చును. ముందుపలక మీద అంగడివాని పేరు చెరిగి 'మద్రాసు' అను మాట నిలిచియున్నది. అది అమ్మినవాని యూరు. చేసినవాని యూరని చెప్పజాలము. 1932లో మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చినది. అటుపిమ్మట సమాజములు ఒక్కటొక్కటిగా మూతపడుచు వచ్చినవి. కాబట్టి పెట్టె ఆ కాలమునకు కొంచెము ముందుది కావలెను. నూటయేబది యేండ్లు లేవు, నూరేండ్లు కావచ్చును.

ఇంతవరకు పని సులభముగనే సాగినది. వర్తకునకు ఇంతమాత్రము వ్రాసియిచ్చి యూరకుండ వచ్చును. కాని మేస్త్రి గాలి కారుచున్నదని తిత్తిని విప్పినప్పుడు, తోలు మడతల లోపల చీలికను మూయుటకు అతికిన ఒక అచ్చుకాగితము ముక్క బయటపడినది. తెలుగు పత్రికలోని ప్రకటన. ఏ వస్తువును గూర్చినదో చిరిగిపోయినది, తేది లేదు, వెల మాత్రము మిగిలియున్నది: 75 నయాపైసలు. మాకు ఆ నయా అను రెండక్షరములు శాసనమువలె తోచినవి. అణాలు పోయి నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిలు 1వ తేదిని. 1964 జూను 1వ తేదినుండి నయా అను మాటను తీసివేసి పైసలనియే వ్యవహరించిరి. పత్రిక ఆ యేడు సంవత్సరములలోనిది. పాత కాగితమును అంటించిరేమో యని శంకింప వచ్చును. శంకించినను 1957కు ముందు మాత్రము ఈ తిత్తిని బాగుచేయలేదు. అణాల కాలమున ఆరిపోయినదని చెప్పుకొను పెట్టె నయాపైసల కాలమున ఊపిరి పీల్చుచున్నది!

వాయించినవారెవరు? మెట్ల మీద మసి పట్టియుండెను. తడిగుడ్డతో తుడువగా మధ్యస్థాయిలో కొన్ని తెల్లమెట్ల మీద సిరాతో వ్రాసిన అక్షరములు లీలగా కానవచ్చినవి. ఐదవ తెల్లమెట్టు మీద స. తరువాత ఒకటి విడిచి గ, ఆపైన మ, ప. నల్లమెట్లు మూడింటి మీద చతురస్రముగా బంక మచ్చలు మాత్రమున్నవి. కూర్చి చూడగా రి, ద, ని యుండవలసిన చోట్లు అవియే. ఆ క్రమము మాయామాళవగౌళ. మన దక్షిణాది సంగీతములో పసిపిల్లలకు మొట్టమొదట చెప్పు సరళీస్వరములు ఆ రాగముననే. రంగస్థలము మీద పదియేండ్లు వాయించిన హార్మోనిస్టునకు మెట్ల మీద అక్షరములు వ్రాసికొనవలసిన యవసరము లేదు. ఇది నేర్చుకొనువారి పని. ఇక షడ్జమము ఐదవ మెట్టు మీద నుండుటను గూర్చి: మన గాయకులు "నాది రెండు శ్రుతి", "నాలుగున్నర శ్రుతి" అని చెప్పుకొను లెక్క ఈ మెట్ల లెక్కయే. తెల్లమెట్టు పూర్ణాంకము, నల్లమెట్టు అర. హార్మోనియమును సంగీతద్రోహి యని తిట్టు విద్వాంసుడు కూడ తన గొంతును దాని మెట్లతోనే కొలిచి చెప్పుట మాకెప్పుడును వింతగనే యుండును. ఐదు శ్రుతి ఆడపిల్లలకు అనువైన శ్రుతి. నాటకములలో మగవారును అంత యెత్తున పాడుదురు గనుక శ్రుతి యొక్కటే సాక్ష్యము కాజాలదు. సరళీస్వరములును శ్రుతియు కలిసినప్పుడు సందేహము తక్కువ.

మేము ఈ సంగతి యజమానితో చెప్పుచుండగా, వెనుక గది గడప మీద కూర్చుండి వినుచున్న ఆయన మేనత్తగారు మెల్లగా లేచి వచ్చిరి. ఎనుబదికి దగ్గరపడిన వయస్సు. భర్త పోయిన తరువాత పుట్టింట నుండుచున్నారు. మేము వచ్చి పోవుచున్న నాలుగు దినములును ఆమె ఒక్కమాట మాట్లాడలేదు.

"ఆ అక్షరాలు నేను రాసినవేనండి మాష్టారూ" అని యామె యనిరి. "నల్లమెట్ల మీద సిరా కనపడదని కేలండరు కాగితం కత్తిరించి అంటించాను. నాన్నగారు చూసి కోప్పడలేదండి. నాకు పన్నెండో ఏడు. మాట్లాడని మెట్లకి కొత్త రీడ్లు వేయించి, తిత్తి కుట్టించి ఇచ్చారు. ఆరేళ్లు నేర్చుకున్నాను."

"అత్తయ్యా, ఎప్పుడూ చెప్పలేదేం?" అని యజమాని ఆశ్చర్యముతో నడిగెను.

"ఎవరడిగారు నాన్నా? ఇది మీ ముత్తాత నాటకాల పెట్టె అని మీరందరూ చెప్పుకుంటూంటే, అదీ నిజమే కదా అని ఊరుకున్నాను." కొంచెము సేపు మెట్ల వైపు చూచి మరల చెప్పిరి: "విజయవాడ రేడియోలో పాడాలని ఉండేదండి. ఈ పెట్టె రేడియోలోకి రానివ్వరమ్మా అన్నారు మా మాష్టారు. పోనీ తంబూరా పెట్టుకుని పాడదామంటే అప్పటికి పెళ్లి కుదిరింది. పెళ్లిచూపుల్లో దీని ముందే కూర్చోబెట్టారు. పాడాను. వాళ్లకి నచ్చింది. ఆ తర్వాత పాట సంగతి ఎవరూ ఎత్తలేదండి."

ఆ మాష్టరుగారు చెప్పినది సత్యమే. ఆకాశవాణివారు 1940 మార్చి 1వ తేదినుండి హార్మోనియమును తమ ప్రసారములనుండి వెలివేసిరి. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీతమునకు అధిపతిగా నుండిన జాన్ ఫోల్డ్సు అను ఆంగ్లేయుడు 1938లోనే దానికి ప్రతికూలముగ వ్రాసియుండెను. రవీంద్రనాథ ఠాకూరుగారు తమ ఆశ్రమమున దానికి తావు లేదని తెలిపి రేడియోవారిని ప్రోత్సహించిరి. వారి వాదమున బలము లేకపోలేదు. మెట్టు మీది స్వరము కదలదు. కాబట్టి గమకము పలుకదు. హవాయివారి ఉక్కుకడ్డీకిని మన గోటువాద్యపు కొయ్యకును సాధ్యమైన జారు ఈ పెట్టెకు అసాధ్యము. పండ్రెండు సమభాగముల లెక్క వలన అంతరగాంధారము సహజస్థానము కంటె ఇంచుక హెచ్చుగా పలుకును. ఇవన్నియు నిజములే. 1971లో గాని రేడియోవారు ఆ కట్టును సడలింపలేదు. కాని శాస్త్రదోషమును గూర్చి ఢిల్లీలో జరిగిన ఆ చర్చ నడుమ తునిలో ఒక బాలిక ఐదవ మెట్టు మీద స అని వ్రాసికొనుచున్నది. ఆమెకు వీణ కొనిపెట్టువారు లేరు, ఇంటిలోనున్నది పెట్టె, తండ్రి బాగుచేయించెను. ఆ తండ్రిని మేము గౌరవించుచున్నాము.

పెండ్లిచూపుల సంగీతమును గూర్చి మాత్రము మాకు అంత శాంతము లేదు. పిల్లకు హార్మోనియము వచ్చునా యని యడుగుట ఒకప్పుడు మన మధ్యతరగతి కుటుంబములలో మర్యాద. వచ్చునని చెప్పుట పిల్ల తండ్రికి గౌరవము. పరీక్ష ముగిసిన తరువాత సంగీతము అక్కరలేని సరకు. పిల్లతో బిందెలు, మంచము, పెట్టె బేడలు అత్తవారింటికి పోవును, హార్మోనియము పోదు. ఆరేండ్ల శ్రమకు ఫలము పావుగంట పాట! ఇది క్రూరుల పని యని మేమనము. మంచివారే చేసిరి, ఇప్పటికిని వేరు రూపమున చేయుచున్నారు. మాకు మరింత నొప్పి కలిగించినది వేరొకటి. తాతగారి నాటక సమాజమును గూర్చి ఆ యింట పసివారికి కూడ కథలు తెలియును. అదే యింట కళ్లయెదుట తిరుగుచున్న యామె ఆరేండ్లు వాయించినదని ఎవరికిని తెలియదు. ఆమె చేయి తగిలిన పాలీతాణా రీడ్లను, అతుకు కాగితమును మేము ప్రక్షిప్తములని లెక్కవేయుచు వచ్చితిమి. కాని ఈ వాద్యమున సజీవమైన చరిత్ర అంతయు ఆ ప్రక్షిప్త భాగముననే యున్నది.

కోరిన కాగితమును వ్రాసియిచ్చితిమి. రీడ్లు చాలవరకు పారిస్ నగరపువి, రెండవ యుద్ధమునకు ముందువి. టేకు పెట్టె మన దేశమున చేసినది, మద్రాసులో అమ్మినది. వయస్సు నూరేండ్లకు అటునిటు. 1957 తరువాత మరమ్మతు చేసి నాలుగు రీడ్లు మార్చినారు. మెట్ల మీది అక్షరములు ఇంటి ఆడపడుచు చేతివ్రాత. వర్తకుడు చదివి పెదవి విరిచెను. పారిస్ అని వ్రాయుటకు వీలుపడదా యని యడిగెను. పిమ్మట తాను చెప్పిన వెలలో సగము తగ్గించి, మెట్లను గీకి శుభ్రము చేసి, నాలుగు రీడ్లను తీసి పాత రీడ్లు సంపాదించి బిగించినచో తీసికొందుననెను. అనగా ఆరేండ్లను గీకివేసి నూటయేబది యేండ్లను తెచ్చి అతుకవలెనన్నమాట.

యజమాని కొంతసేపు లెక్కలు చూచుకొనెను. ఆ యింటి భాగపరిష్కార పత్రములలో కొబ్బరిచెట్లతో సహా లెక్క కలదు గాని హార్మోనియము పేరు లేదు. కావున అది యెవరిదని యడిగినచో చెప్పగలవారు లేరు. చివరకు ఆయన వర్తకునితో "అది మా అత్తయ్యదండి, ఆవిణ్ణి అడగాలి" అనెను. అడుగవలసినది చాల ముందే యని మాకు తోచినను, అనినందుకు సంతోషించితిమి. వర్తకుడు ఆమెను అడుగకయే పోయెను.

మేస్త్రి ఎడమ పలక తోలుపట్టీని మార్చి, తిత్తికి కొత్త తోలు వేసి, ఆ అచ్చుకాగితమును వేరుచేసి మాకిచ్చెను. మేము దానిని యజమానికే యప్పగించితిమి. మంద్రస్థాయిలో రెండు మెట్లు ఇంకను పలుకవు. వానికి రీడ్లు సంక్రాంతి తరువాత తెచ్చెదనని చెప్పియున్నాడు. పెట్టె ముందుసావడినుండి వెనుక గదికి చేరినది. ఆమెకు మోకాళ్ల నొప్పి, పలకలు త్రొక్కలేరు. యజమాని మనుమరాలు ఎనిమిదేండ్లది, పెట్టె క్రింద చతికిలబడి రెండు చేతులతో ఆ పలకలను నొక్కుచుండగా ఆమె వాయింతురు. గొంతు ఇప్పుడు మూడు శ్రుతికి దిగినదట. మెట్ల మీది అక్షరములు పనికిరావు. "మామ్మా, స ఇక్కడ రాసుంటే అక్కడ వాయిస్తున్నావేం?" అని ఆ పిల్ల క్రిందనుండి తల బయటపెట్టి యడిగినది. గాలి ఆగినది. "నువ్వు నొక్కు, చెబుతాను" అని యామె యనిరి.